కుంట కట్టకు పైపా, అలుగా?

సొంత పొలంలో మట్టికట్ట వేసి కుంట కట్టుకున్నవాళ్లు మిగులు నీళ్లకు రెండు దారులు చూస్తారు: కట్టలోంచి సిమెంటు పైపు, లేదా కట్ట పక్కన గట్టి నేల మీద రాతి అలుగు.

పైపు చవక, చోటూ తక్కువే పడుతుంది. దాని మంచి అంతటితో సరి. ఒక్క తుమ్మకొమ్మ అడ్డం పడి, దానికి తుంగ, గుర్రపుడెక్క చుట్టుకుంటే చాలు, మూతి పూడుకుపోతుంది. పైపు చుట్టూ మట్టిని సరిగా దిమ్మిస కొట్టకపోతే నీరు దాని వెంటే దారి చేసుకుంటుంది. కట్ట దిగువన ఊట తేటగా ఉంటే రోజూ చూసుకుంటూ ఉండొచ్చు. బురదగా వస్తే మాత్రం లోపల మట్టి కొట్టుకుపోతోందని అర్థం, ఇక ఆ రాత్రంతా టెన్షనే.

అలుగుకు ఖర్చు ఎక్కువ, కాస్త నేలా పోతుంది. కానీ మట్టం పెరిగేకొద్దీ ఎక్కువ నీరు వదులుతుంది. చేపలు పోతాయని దానికి వల మాత్రం కట్టకండి. 1889లో అమెరికాలోని పెన్సిల్వేనియాలో ఒక క్లబ్బు సొంత మట్టి ఆనకట్ట, సౌత్ ఫోర్క్, తెగి 2,200 మందికి పైగా చనిపోయారు. అక్కడ చేపల కోసం పెట్టిన జాలీలకు చెత్త పట్టి, నీరు పోయే దారి ఇరుకైపోయింది.

నేనైతే అప్పు చేసైనా అలుగే కట్టిస్తాను.