బ్యాంగ్ ఆన్ ఎ క్యాన్ ఆల్‌స్టార్స్ వాయించిన ‘మ్యూజిక్ ఫర్ ఎయిర్‌పోర్ట్స్’: కొన్నేళ్లు విన్న తరువాత

బ్రిటిష్ సంగీతకారుడు బ్రయాన్ ఈనో 1978లో టేపు యంత్రాలతో రూపొందించిన ‘మ్యూజిక్ ఫర్ ఎయిర్‌పోర్ట్స్’ను, ఇరవై ఏళ్ల తరువాత, న్యూయార్క్‌కు చెందిన ప్రయోగాత్మక బృందం బ్యాంగ్ ఆన్ ఎ క్యాన్ ఆల్‌స్టార్స్ వాయిద్యాల మీద వాయించి 1998లో రికార్డుగా తెచ్చింది. కొన్నేళ్లుగా ఈ రెండు రికార్డులనూ విడివిడిగానూ, ఒకదాని వెంట ఒకటిగానూ వింటూ వచ్చాను. ఒకే స్వరాలు, అవే నాలుగు భాగాలు ఉన్నప్పటికీ, మొదటి రికార్డు చేసే పనిని రెండవది చేయదు. అది చేసే పని వేరు, నా దృష్టిలో అంతకంటే విలువైనది కూడా.

ఈనోకు ఈ ఆలోచన జర్మనీలోని కొలోన్ విమానాశ్రయంలో కలిగింది. ప్రకటనలు మధ్యలో అడ్డు వచ్చినా చెడిపోని సంగీతం, మనుషుల మాటలను మింగేయని సంగీతం, విమానం ఎక్కబోయేవారి మనసులో ఉండే మృత్యుభయాన్ని దాచిపెట్టకుండా నెమ్మదింపజేసే సంగీతం కావాలనుకున్నాడు. అందుకోసం పాటలా రాయకుండా ఒక పద్ధతిని ఏర్పాటు చేశాడు. ‘2/1’ అనే భాగంలో స్త్రీల గొంతులు ఒక్కొక్క స్వరాన్ని ‘ఆ’ అని పలుకుతాయి. ఒక్కొక్క స్వరం ఉన్న టేపు ముక్క రెండు కొసలనూ అతికిస్తే అది తిరిగి తిరిగి మోగుతూ ఉంటుంది. ఒక చుట్టు ఇరవై మూడున్నర సెకన్లది, మరొకటి దాదాపు ఇరవై ఆరు సెకన్లది, ఇంకొకటి దాదాపు ముప్పై సెకన్లది. నిడివులు పొంతన లేనివి కాబట్టి ఆ స్వరాలు ఏ క్షణంలో కలుస్తాయో, ఎక్కడ విడిపోతాయో ఎవరూ ముందుగా నిర్ణయించనక్కరలేదు. తంబురా శ్రుతిని గంటల తరబడి వినడం అలవాటైన తెలుగు శ్రోతకు ఈ కదలని సంగీతం కొత్తగా అనిపించవచ్చు కానీ పరాయిగా అనిపించదు.

బ్యాంగ్ ఆన్ ఎ క్యాన్ సంస్థను 1987లో స్థాపించిన ముగ్గురు స్వరకర్తలు మైఖేల్ గోర్డన్, డేవిడ్ లాంగ్, జూలియా వుల్ఫ్ తలా ఒక భాగాన్ని, అప్పట్లో బృందంలో క్లారినెట్ వాయించిన ఎవాన్ జిపోరిన్ నాలుగవ భాగాన్ని వాయిద్యాలకు మలిచారు. వారికి ఎదురైన కష్టం ఎంతటిదో మొదటి భాగం ‘1/1’లోనే తెలుస్తుంది. మూలంలోని పియానోను రాబర్ట్ వ్యాట్ వాయించాడు. ఆ వాయింపులో నుంచి ఏరుకున్న చిన్న ముక్కను ఈనో చుట్టుగా మార్చి, టేపును సగం వేగంతో తిప్పాడు. సగం వేగానికి దించితే స్వరం ఒక స్థాయి కిందికి దిగుతుంది, తీగ మీద సుత్తి పడే దెబ్బ మెత్తబడుతుంది, స్వరం ఆరిపోవడానికి రెట్టింపు సమయం పడుతుంది. పియానో ముందు కూర్చున్న మనిషి ఎంత నెమ్మదిగా వాయించినా ఆ ధ్వని రాదు. గోర్డన్ మలిచిన రూపంలో పియానో మీట తగిలిన స్పర్శ స్పష్టంగా వినిపిస్తుంది, స్వరం త్వరగానే సన్నగిల్లుతుంది. అది సన్నగిల్లే చోట మిగతా వాయిద్యాలు అందుకొని దాన్ని సాగదీస్తాయి. మంచి హెడ్‌ఫోన్లలో వింటే ఈ అప్పగింత ప్రతిసారీ కాస్త వేరుగా ఉండటం గమనించవచ్చు. యంత్రం ఒకే ముక్కను మళ్లీ మళ్లీ వినిపిస్తే, ఇక్కడ మనుషులు అదే వాక్యాన్ని ప్రతిసారీ కొత్తగా పలుకుతున్నారు.

నాకు అన్నిటికంటే ప్రియమైనది ‘2/1’. యాదృచ్ఛికంగా జరిగిన కలయికలను కాగితం మీదకు ఎక్కించి, లెక్క తప్పకుండా వాయించడం అంటే మూల సూత్రానికే విరుద్ధం కదా అన్న అభ్యంతరం న్యాయమైనదే. అయినా ఫలితం ఆ అభ్యంతరాన్ని దాటిపోయింది. మూలంలో గొంతులు ఎక్కడా ఊపిరి తీసుకోవు, కొండమీద పొగమంచులా వచ్చి పోతాయి. ఇక్కడ మాయా బైజర్ సెల్లో మీద కమాను ఆనించే క్షణం వినిపిస్తుంది, క్లారినెట్‌లోకి గాలి చేరే చప్పుడు స్వరం కంటే ముందే చెవిని తాకుతుంది. తరువాతి స్వరం కోసం వాద్యకారులు ఎదురుచూస్తున్నారన్న సంగతి మధ్యలోని నిశ్శబ్దంలో తెలిసిపోతుంది. ఈనో రికార్డులో నిశ్శబ్దం ఖాళీగా ఉంటుంది, ఈ రికార్డులో నిశ్శబ్దం నిండుగా ఉంటుంది. ఇన్నేళ్లుగా నన్ను దీని దగ్గరకు తిరిగి రప్పిస్తున్నది ఆ తేడాయే.

అందుకే ఈ రికార్డును నేపథ్యంలో పెట్టుకొని చదువుకోవడం, రాసుకోవడం, నిద్రపోవడం నాకు సాధ్యపడలేదు. ఈనో సంగీతాన్ని పట్టించుకోకపోయినా అది నొచ్చుకోదు, అతడు కోరుకున్నది కూడా అదే. బృందం వాయించినదాన్ని పట్టించుకోకుండా ఉండలేము. పైగా ఇందులో మెల్లని చోట్లకూ పెద్ద చోట్లకూ మధ్య అంతరం ఎక్కువ. సీలింగ్ ఫ్యాను తిరిగే గదిలో శబ్దం తగ్గించి పెడితే సగం స్వరాలు ఆ చప్పుడులోనే కలిసిపోతాయి, పెంచి పెడితే వాయిద్యాలన్నీ కూడే చోట ఉలిక్కిపడతాము. ఇల్లు సద్దుమణిగాక హెడ్‌ఫోన్లలోనో, స్పీకర్లకు దగ్గరగా కూర్చునో వినడం మేలు. ఈనో రికార్డును 1980లో న్యూయార్క్ లాగార్డియా విమానాశ్రయపు మెరైన్ టెర్మినల్‌లో వినిపించారు. బృందం తన రూపాన్ని 1998లో ఆమ్‌స్టర్‌డామ్ స్కిపోల్ విమానాశ్రయంలో ప్రత్యక్షంగా వాయించింది. మొదటిది ఆ స్థలానికి అమరిన సంగీతం, రెండవది ఆ స్థలంలో జరిగిన కచేరీ అనిపిస్తుంది నాకు.

‘1/2’ గురించి ఎక్కువగా చెప్పవలసింది లేదు. మూలంలో పియానో, గొంతులు పక్కపక్కన నడుస్తాయి. ఇక్కడ అవి ఒకదాని కోసం మరొకటి ఆగుతున్నట్లు వినిపించి, నాలుగింటిలోనూ దీనికే భావోద్వేగం ఎక్కువ అనిపిస్తుంది. ఈ తరహా సంగీతం అలవాటు లేనివారు ‘2/1’తో మొదలుపెట్టి దీనికి రావడం మంచిది. పదిహేడు నిమిషాలకు దగ్గరగా సాగే మూలపు ‘1/1’ను అంతకు ముందే ఒకసారి పూర్తిగా విని ఉంటే బృందం ఏమి మార్చిందో బాగా తెలుస్తుంది.

చివరి భాగం ‘2/2’ మాత్రం నన్ను ఎన్నడూ పూర్తిగా ఒప్పించలేదు. ఈనో దాన్ని సింథసైజర్ మీద చేశాడు. ఊపిరి అవసరం లేని ఆ వాయిద్యం ఒక స్వరంలో నుంచి మరొక స్వరంలోకి అంచు తెలియకుండా జారుతుంది, ఆ భాగం అందమంతా ఆ జారుడులోనే ఉంది. జిపోరిన్ మలిచిన తీరు శ్రద్ధతో కూడినదే, వాద్యకారుల నైపుణ్యంలోనూ లోటు లేదు. కానీ ఊదే వాయిద్యాల స్వరానికి మొదలు ఉంటుంది, తుది ఉంటుంది. మిగతా మూడు భాగాలకు ప్రాణం పోసిన మనుషుల ఊపిరే ఇక్కడ గీతను ముక్కలు చేస్తోంది. మొదటి మూడు భాగాలను బృందం రికార్డులో విని, నాలుగవదానికి ఈనో రికార్డు పెట్టుకోవడం నాకు ఇప్పుడు అలవాటైపోయింది.