పీఎన్ఆర్ వచ్చిందంటే టికెట్ వచ్చినట్టు కాదు: గల్ఫ్ టికెట్లు కొనే సిక్కోలు వాళ్లకు హెచ్చరిక

సోంపేట, కంచిలి, కవిటి, మందస వైపు నుంచి గల్ఫ్ వెళ్లే అన్నలూ తమ్ముళ్లూ, వాళ్ల ఇంట్లోవాళ్లూ దయచేసి ఇది పూర్తిగా చదవండి. విమానం ఛార్జీలు పెరిగినప్పుడల్లా మన ఊళ్ల వాట్సాప్ గ్రూపుల్లో 'తక్కువకి టికెట్ తీసిస్తాం' అనే మెసేజ్‌లు కూడా పెరుగుతున్నాయి. అలాంటి ఒక ఏజెంటు చేతిలో మా బావమరిది మోసపోయాడు. కంప్లయింట్ నడుస్తోంది కాబట్టి ఆ మనిషి పేరు రాయడం లేదు. మోసం ఎలా జరిగిందో మాత్రం వివరంగా రాస్తున్నాను.

మా వాడు సౌదీలో వెల్డర్. సెలవు మీద వచ్చాడు, రీఎంట్రీ వీసా గడువు లోపల తిరిగి చేరాలి. విశాఖ నుంచి హైదరాబాద్ మీదుగా దమ్మామ్ టికెట్ రేటు పూటపూటకీ పెరుగుతోంది. అప్పుడే ఈ ఏజెంటు బయట ఉన్న రేటు కన్నా బాగా తక్కువ చెప్పాడు. గ్రూప్ ఫేర్ అన్నాడు, ఈ రాత్రి దాటితే ఉండదన్నాడు. ఒక వ్యక్తిగత నంబరుకి యూపీఐలో డబ్బు వేయించుకుని పీడీఎఫ్ పంపాడు. ఎయిర్‌లైన్ వెబ్‌సైట్‌లో పీఎన్ఆర్ కొట్టి చూస్తే పేరు, తేదీ, ఫ్లైటు అన్నీ సరిగ్గానే కనిపించాయి.

ప్రయాణం రోజు విశాఖ ఎయిర్‌పోర్టు కౌంటర్‌లో, ఈ బుకింగ్‌కి డబ్బు కట్టలేదు, ఎప్పుడో క్యాన్సిల్ అయిపోయింది అన్నారు. ఏజెంటు ఫోన్ స్విచాఫ్. చేరాల్సిన తేదీ దగ్గర పడింది కాబట్టి ఆ టెన్షన్‌లోనే అప్పుడున్న రేటుకి ఇంకో టికెట్ కొన్నాం. ఆ డబ్బు కోసం మా అత్తగారి గాజులు బ్యాంకులో పెట్టాల్సి వచ్చింది. ఇంటికి నెలనెలా డబ్బు పంపడానికి ఎండలో పనిచేసే కుర్రాడిని ఇలా దోచుకోవడం చూస్తే కడుపు మండిపోతోంది.

జరిగింది ఇది. రైలు టికెట్ ఆన్‌లైన్‌లో తీస్తే డబ్బు కట్టాకే పీఎన్ఆర్ వస్తుంది. ఆ అలవాటుతో విమానానికీ అంతే అనుకుంటాం. కానీ విమానంలో డబ్బు కట్టకుండా కూడా సీటును కొంత సమయం పట్టి ఉంచవచ్చు, దాన్ని హోల్డ్ అంటారు. హోల్డ్ పెట్టగానే ఆరు అక్షరాల పీఎన్ఆర్ పుడుతుంది, వెబ్‌సైట్‌లో మన పేరు కూడా కనిపిస్తుంది. గడువులోగా డబ్బు కట్టకపోతే అది దానంతట అదే రద్దవుతుంది. మోసగాళ్లు వాడుకునేది ఈ మధ్య సమయాన్నే. ఆ కాసేపట్లో మనం చూసుకుంటాం, అంతా సరిగ్గా ఉందని తృప్తిపడిపోతాం.

అందుకని పీఎన్ఆర్ ఒక్కటే చూసి ఊరుకోకండి, ఈ-టికెట్ నంబర్ అడగండి. పెద్ద ఎయిర్‌లైన్స్ టికెట్ ఇష్యూ చేస్తే 13 అంకెల నంబర్ వస్తుంది. అందులో మొదటి మూడు అంకెలు ఆ కంపెనీవి: ఎయిరిండియాకి 098, ఎమిరేట్స్‌కి 176, సౌదియాకి 065. ఆ నంబర్ ఏజెంటు పంపిన కాగితం మీద కాదు, ఎయిర్‌లైన్ సొంత వెబ్‌సైట్‌లో మీ బుకింగ్ తెరిచినప్పుడు కనిపించాలి. పీడీఎఫ్ ఎవడైనా తయారుచేయగలడు. ఇండిగో లాంటి తక్కువ ధర కంపెనీల్లో ఈ 13 అంకెలు కనిపించకపోవచ్చు. అక్కడ బుకింగ్ హోల్డ్‌లో ఉందా, కన్ఫర్మ్ అయిందా, కట్టాల్సిన బాకీ ఏమైనా చూపిస్తోందా అన్నది చూడండి.

ఇంకో రకం మోసం ఉంది. టికెట్ నిజంగానే తీస్తారు, మీరు చూసుకున్నాక క్యాన్సిల్ చేసి రీఫండ్ వాళ్ల ఖాతాలోకి వేసుకుంటారు. బుకింగ్‌లో ఏజెంటు ఫోనూ ఈమెయిలూ ఉంటే క్యాన్సిల్ అయినట్టు మీకు మెసేజ్ కూడా రాదు. కాబట్టి మీ నంబరు, మీ ఈమెయిల్ పెట్టమని పట్టుబట్టండి. డబ్బు కట్టిన రోజు ఒకసారి చూస్తే చాలదు. ప్రయాణానికి వారం ముందు, మళ్లీ ముందురోజు కూడా చూసుకోండి.

గ్రూప్ ఫేర్ అనేది పూర్తిగా అబద్ధం కాదు. పెద్ద ఏజెంట్లు సీట్లు గుత్తగా ముందే కొని, పేర్లు ప్రయాణానికి కొద్దిరోజుల ముందు ఎక్కిస్తారు. నిజాయితీగా చేసేవాళ్లు మన జిల్లాలోనూ ఉన్నారు. కానీ అలాంటి సీట్లకి సాధారణంగా రీఫండ్ ఉండదు, టికెట్ చేతికి ఆలస్యంగా వస్తుంది. తెలిసిన ఆఫీసు, సంస్థ పేరున బ్యాంకు ఖాతా, జీఎస్టీ నంబరుతో రసీదు లేకపోతే ఆ బేరం వదిలేయండి.

మన దేశంలో 1994 నుంచి ఛార్జీలు మామూలుగా ఎయిర్‌లైన్సే నిర్ణయించుకుంటున్నాయి. ఒకే విమానంలో సీట్లను రకరకాల ధరల్లో పెడతారు, చౌకవి ముందు అయిపోతాయి. రేపోమాపో బయలుదేరే విమానానికి అందరికన్నా సగం ధరకి ఇస్తానన్నవాడిని నమ్మడం కష్టం.

నిజంగా ఖర్చు తగ్గాలంటే వేరే దారులున్నాయి. కంపెనీ తిరుగు తేదీ ముందే చెబితే రానూపోనూ టికెట్ ఒకేసారి తీయండి. ఇచ్ఛాపురం వైపు వాళ్లు విశాఖతో పాటు భువనేశ్వర్ నుంచి కూడా రేటు చూడండి. హైదరాబాద్ దాకా రైల్లో వెళ్లి అక్కడ విమానం ఎక్కితే ఎంతవుతుందో కూడా లెక్క వేయండి. అయితే విశాఖ నుంచి హైదరాబాద్‌కి ఒక టికెట్, అక్కడి నుంచి గల్ఫ్‌కి ఇంకో టికెట్ విడివిడిగా కొంటే జాగ్రత్త. మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పిపోతే మామూలుగా ఎవరూ బాధ్యత తీసుకోరు. పైగా దేశంలోపలి విమానంలో మామూలుగా 15 కిలోల లగేజీయే ఉచితం. గల్ఫ్ టికెట్‌కి 30 కిలోలు ఉన్నాయని ఆవకాయ, జీడిపప్పు సర్దుకుని వెళితే మిగతా బరువుకి విశాఖలోనే డబ్బు కట్టాలి. టికెట్‌లో మిగిలిందంతా అక్కడే పోతుంది.

టికెట్ నిజంగా ఇష్యూ అయి ఉంటే మీకు కొన్ని హక్కులున్నాయి. విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధనల ప్రకారం, రీఫండ్ లేదని రాసిన టికెట్‌ని రద్దు చేసుకున్నా పన్నులు, ఎయిర్‌పోర్టు ఫీజులు వెనక్కి ఇవ్వాలి. ఏజెంటు దగ్గర కొన్నా రీఫండ్ బాధ్యత ఎయిర్‌లైన్‌దే. వాళ్లు పట్టించుకోకపోతే పౌర విమానయాన శాఖ ఎయిర్‌సేవ పోర్టల్‌లో ఫిర్యాదు చేయవచ్చు. మా వాడి విషయంలో అసలు టికెట్టే పుట్టలేదు కాబట్టి ఎయిర్‌లైన్‌ని అడగడానికి ఏమీ లేకపోయింది.

మోసం అని తెలిసిన వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే, డబ్బు చేతులు మారకముందే ఖాతా ఆపించే అవకాశం అంత ఎక్కువ. ఏజెంటుతో వాదిస్తూ సాయంత్రం దాకా ఆగకండి. వాట్సాప్ చాట్, యూపీఐ లావాదేవీ నంబరు, పీడీఎఫ్ ఏదీ డిలీట్ చేయకండి. రసీదు ఇచ్చిన సంస్థ సర్వీసు ఇవ్వకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. ఎయిర్‌లైన్ కస్టమర్ కేర్ నంబర్ కోసం గూగుల్‌లో వెతికి మొదట కనిపించినదానికి ఫోన్ చేయవద్దు, అక్కడ కూడా దొంగ నంబర్లు ఉంటాయి. ఫోన్‌లో ఏదో యాప్ వేసుకోమన్నా, ఓటీపీ అడిగినా వెంటనే ఫోన్ కట్ చేసేయండి.

ఇలాగే డబ్బు కట్టి ప్రయాణం కోసం ఎదురుచూస్తున్నవాళ్లు మన ఊళ్లలో ఇంకా ఉండొచ్చు. ఈ రాత్రే ఎయిర్‌లైన్ వెబ్‌సైట్‌లో మీ బుకింగ్ తెరిచి చూడండి. ఇంట్లో పెద్దవాళ్లకి అది తెలియకపోతే మీరే కూర్చుని చూసిపెట్టండి.