హోజాయ్ అగరు నూనె: మొదటి వాసనకే మూత పెట్టేయకండి

అస్సాంలోని హోజాయ్ నుంచి వచ్చిన అగరు నూనె, అంటే ఊద్, సీసా మూత తీయగానే వంటింట్లోంచి అమ్మ, "ఏమిటే, గొడ్లచావిడి వాసన?" అంది. నిజమే. మొదటి పది నిమిషాలు తడిసిన గడ్డి, పులిసిన కుడితి వాసనే. బట్టీ పెట్టి ఆవిరితో నూనె తీసే ముందు అగరు చెక్క ముక్కల్ని రోజుల తరబడి నీళ్లలో నానబెడతారు, ఆ పులుపు అక్కడిది. అగ్గిపుల్ల కొసతో మణికట్టుకి రాసుకుని ఊరుకున్నాను. అరగంటకి అది పోయి, పాత కొయ్యపెట్టె వాసన, వెనకే తేనె తీపి. మర్నాడు పొద్దున కూడా చున్నీ అంచుకి ఉంది.

ఫార్మా ల్యాబ్‌లో ఏళ్లపాటు జీసీ (గ్యాస్ క్రొమటోగ్రఫీ: నూనెలోని పదార్థాల్ని విడదీసి, గీతలో ఒక్కోదాన్ని ఒక్కో శిఖరంగా, 'పీక్'గా చూపే యంత్రం) మీద పనిచేశాను కాబట్టి ముక్కునొక్కదాన్నే నమ్మను. పైగా పోయినేడు ఒక అత్తరు దుకాణంలో 'ప్యూర్ ఊద్' అని కొన్నదాన్ని పరీక్ష చేయిస్తే, తాటిచెట్టులా ఒకటే పీక్: డైఇథైల్ థాలేట్. నూనెని పలచన చేసే ద్రావకం. చాలా బాధేసింది. అందుకే అస్సాం నుంచి తెప్పించిన ఈ 3 మిల్లీల సీసాలోంచీ ఒక చుక్క ప్రైవేటు ల్యాబ్‌కి ఇచ్చాను.

ఈసారి కాగితం చూశాక ప్రాణం కుదుటపడింది. థాలేట్ లేదు. చివరి సగంలో చిన్న చిన్న పీకులు గుంపులు గుంపులుగా ఉన్నాయి. చాలావాటి అణుభారం 204, 222, అంటే పదిహేను కార్బన్ల సెస్క్విటెర్పీన్లు (చెట్ల సువాసన నూనెల్లో ఉండే పదార్థాలు), వాటి ఆల్కహాల్స్. అగరోస్పైరాల్, జింకో-ఎరిమాల్, 10-ఎపి-గామా-యుడెస్మాల్, అగరోఫ్యూరాన్లు. గంధం నూనెలో శాంటలాల్‌లదే పెత్తనం. అగరులో అలా ఏ ఒక్కదానిదీ కాదు. జబ్బు పడని తెల్ల చెక్క నూనెలో పామిటిక్ లాంటి కొవ్వు ఆమ్లాలు ఎక్కువ కనిపిస్తాయి. ఇందులో అవి బాగా తక్కువ. పురుగు తొలిచి, బూజు పట్టి, చెట్టు తన గాయం చుట్టూ ఊరించుకున్న నల్ల బంక ఉన్న చెక్కే వాడారన్నమాట.

నిప్పుల మీద అగరు చెక్క వేసినప్పటి పొగ వాసన కావాలంటే మాత్రం ఇది కొనకండి. దానికి మూలమైన క్రోమోన్లు అనే పదార్థాలు బరువైనవి, ఆవిరితో పాటు పెద్దగా రావు. వేడికి విరిగినప్పుడే ఆ కమ్మదనం.

2,600 రూపాయలు పెట్టినందుకు నాకు బాధ లేదు. లేబుల్ మీద మాత్రం నాకు కోపమే. ఏ జాతి చెట్టు, తోటదా అడవిదా, ఎన్నాళ్లు నానబెట్టారు, ఒక్క ముక్క లేదు. అగరునిచ్చే అక్విలేరియా చెట్లన్నీ సైటిస్ (ముప్పున్న జీవజాతుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే ఒప్పందం) రెండో అనుబంధంలో ఉన్నప్పుడు ఆ మాత్రం రాయాలి కదా! అమ్మినాయనకి ఫోన్ చేసి అదే చెప్పాను. రాసి పంపిస్తే ఇంకో సీసా తీసుకుంటానన్నాను.