గోరువంక మోసిన విన్నపం: పాత పుస్తకాల దుకాణంలో దొరికిన శ్రీ రాహులుడు

కొలంబోలో డి. ఆర్. విజయవర్ధన మావత వెంట వరుసగా ఉండే పాత పుస్తకాల దుకాణాల్లో ఒకచోట, సెలవు పెట్టిన మూడో రోజున, 'సెలలిహిణి సందేశయ' అనే సింహళ కావ్యం ప్రతి ఒకటి 400 శ్రీలంక రూపాయలకు కొన్నాను. తొమ్మిదేళ్ల క్రితం ఉద్యోగరీత్యా ఈ ఊరు వచ్చిన కొత్తలో, అక్షరాలు కుదురుకోగానే మా సింహళం మాస్టారు నాచేత చదివించిన కావ్యం ఇదే. ఆ తరువాత పని పెరిగి, నేర్చుకున్న భాష కూరగాయల బేరానికీ ఆఫీసులో పలకరింపులకూ మాత్రమే మిగిలింది. రెండు వారాలు కంప్యూటరు ముట్టవద్దని డాక్టరు గట్టిగా చెప్పిన మీదటే మళ్లీ ఈ పద్యాల దగ్గరికి రాగలిగాను.

పుస్తకం పేరు చెప్పగానే దుకాణదారు "సన్నయతోనా, ఉత్త పద్యాలా, మహత్తయా (అయ్యా)?" అని అడిగారు. సన్నయ అంటే మన ప్రతిపదార్థం వంటిది. మూడు ప్రతులు తీసి, దుమ్ము తుడిచి, చివరి పుటలు ఉన్నాయో లేదో తామే తిప్పి చూపించి, వాటిలో కుట్టు గట్టిగా ఉన్నదాన్ని నా చేతికిచ్చారు. అమ్మే సరుకు తెలిసిన మనిషి దగ్గర కొనడంలోని తృప్తి నాకు చాలాకాలానికి దక్కింది.

ఇది 15వ శతాబ్దపు కావ్యం. ఆరవ పరాక్రమబాహు కోట్టే రాజధానిగా ఏలుతున్న కాలంలో, షడ్భాషా పరమేశ్వరుడని పేరుపొందిన తొటగమువే శ్రీ రాహుల భిక్షువు దీనిని రచించారు. రాజకుమార్తె ఉలకుడయ దేవికి కొడుకు పుట్టేలా అనుగ్రహించమని కోరుతూ, ఒక కొండ గోరువంకతో కొలంబో దగ్గరి కెలణియలోని దేవుడికి విన్నపం పంపడం ఇందులోని కథ. ఆ దేవుడు మరెవరో కాదు, మన రామాయణంలోని విభీషణుడే. మేఘసందేశం చదువుకున్న తెలుగువారికి దారి వర్ణన కొత్త కాదు గానీ, ఇక్కడ సందేశం పంపేది విరహంలో ఉన్న యక్షుడు కాదు, ఒక ఆడబిడ్డ కడుపు పండాలని కోరుకునే భిక్షువు. ఆ కోరికలోని ఆప్యాయత వల్లనే ఈ కావ్యం నాకు ఇంత ప్రియమైనది.

మన వృత్తాల్లో ప్రాస ప్రతి పాదానికీ రెండో అక్షరం దగ్గర ఉంటుంది. వీరి పద్యంలో నాలుగు పాదాల చివరా ఒకే ధ్వని వచ్చి వాలుతుంది. దానిని 'ఎళిసమయ' అంటారు. మౌనంగా చదివినప్పుడు సగమే అందిన పద్యం, మేడ మీద ఒంటరిగా గొంతెత్తి చదివేసరికి మూడో పాదం నుంచే నాలుగో పాదపు చివరను చెవికి అందించింది. కెలణి గంగ ఇసుకతిన్నెల మీద నాగకన్యలు వీణలు మీటుతూ బుద్ధుని గుణాలు పాడే పద్యాన్ని ఆ సాయంత్రం ఎన్నిసార్లు చదివానో లెక్క లేదు. ఆ పద్యం అంచున ఏనాటి విద్యార్థో పెన్సిలుతో సన్నని గీత గీసి ఉంచాడు.

నేను కొన్న ఈ పుస్తకంలో లోపాలు లేకపోలేదు. సన్నయ అక్షరాలు మరీ చిన్నవి, కొన్నిచోట్ల సిరా అలుక్కుపోయింది. వ్యాఖ్యాత అలంకారం పేరు చెప్పి ముందుకు సాగిపోతారే తప్ప, ఆ పోలిక అక్కడ ఎందుకంత అందంగా ఉందో ఒక్క మాటైనా చెప్పరు. సింహళ లిపి చదవగలిగినా పాత పదాలు తెలియని నావంటి వారికి పక్కన నిఘంటువు తప్పనిసరి.

మరుసటి ఆదివారం పుస్తకం సంచిలో పెట్టుకుని కోట్టే నుంచి కెలణియకు బస్సులో వెళ్లాను. గోరువంక ఎగిరిన దారి ఇప్పుడు ఇళ్లతో, దుకాణాలతో నిండిపోయింది. కెలణియ బౌద్ధ విహారం ఆవరణలోని విభీషణ దేవాలయం వద్ద మాత్రం పళ్ల తట్టలు పట్టుకున్న ఆడవారు వరుసలో నిలబడి ఉన్నారు. విన్నపం వినిపించే పద్యాలను అక్కడే, ఒక చెట్టు కింద కూర్చుని చదివాను.

ఇదే కవి పావురాన్ని దూతగా పంపిన 'పరెవి సందేశయ' దొరికితే నాకోసం పక్కన పెడతానని దుకాణదారు చెప్పారు. సెలవు అయిపోయేలోగా మరొకసారి వెళ్లి అడుగుతాను.