హోమ్స్ జాడలో ఎడిన్‌బరో, లండన్

షెర్లాక్ హోమ్స్‌కు మూలం ఎవరు? రచయిత కోనన్ డాయిల్ తనను తానే రాసుకున్నాడా, లేక గురువైన డాక్టర్ జోసెఫ్ బెల్‌ను బొమ్మ కట్టాడా? ఈ ప్రశ్న మనసులో పెట్టుకుని వెళ్లేవారు లండన్‌ను తరవాతికి ఉంచి, ముందు స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరో చూడాలి.

లండన్ కింగ్స్ క్రాస్ స్టేషన్ నుంచి రైల్లో సుమారు నాలుగున్నర గంటలు. ఆగస్టులో అక్కడ ఉత్సవాలు. గదుల అద్దెలు చుక్కలనంటుతాయి. మేం మే నెలలో వెళ్లి న్యూయింగ్టన్‌లో ఒక చిన్న బసలో దిగాం. లిఫ్టు లేదు, పెట్టెలు మోసుకుంటూ మెట్లెక్కాల్సి వచ్చింది. కానీ గది శుభ్రం, ఉదయం శాకాహారం అడిగితే విసుక్కోకుండా వండిపెట్టారు. పైగా శస్త్రవైద్యానికి సంబంధించిన సర్జన్స్ హాల్ మ్యూజియానికి నడిచే వెళ్లవచ్చు.

టికెట్టు డబ్బుకు పూర్తి న్యాయం చేసే చోటు ఇదే. సీసాల్లో అవయవాలుంటాయి కాబట్టి చిన్నపిల్లలను తీసుకెళ్లకపోవడం మేలు. బెల్, డాయిల్‌ల కోసం ఒక ప్రదర్శన కేటాయించారు. వైద్యవిద్యార్థిగా డాయిల్ బెల్ దగ్గర రోగుల వివరాలు రాసేవాడు. ఒకసారి వచ్చిన రోగిని చూడగానే, ఇటీవలే సైన్యం నుంచి విడుదలైనవాడివి, బార్బడోస్‌లో పనిచేశావు అని బెల్ చెప్పేశాడట. ఎలాగంటే, మర్యాదస్తుడే అయినా టోపీ తీయలేదు, అది సైన్యం అలవాటు. వచ్చిన జబ్బు బోదకాలు, అది స్కాట్లాండ్‌లో తగిలేది కాదు. హోమ్స్ చూపు ఇక్కడిదేనని నాకు అనుమానం లేకుండా పోయింది.

డాయిల్ కూడా 1892లో బెల్‌కు అదే మాట రాశాడు. బెల్ మాత్రం ఒప్పుకోలేదు, హోమ్స్‌వి నువ్వేనని జవాబిచ్చాడు. డాయిల్ పుట్టిన పికార్డీ ప్లేస్‌లో ఇప్పుడున్నది హోమ్స్ విగ్రహం. ట్రామ్ దిగితే ఎదురుగానే కనిపిస్తుంది, అయిదు నిమిషాలు చాలు.

లండన్ బేకర్ స్ట్రీట్ మ్యూజియంలో కథల్లోని గదిని ముచ్చటగా అమర్చారు. అయితే బారులు తీరిన జనం, ఇరుకు మెట్లు, గట్టి టికెట్టు ధర. మన ప్రశ్నకు అక్కడ జవాబు దొరకదు.

నాకు అది దొరికింది చేరింగ్ క్రాస్ పరిసరాల్లో. బొంబాయి పార్సీగా పుట్టి ఇంగ్లండ్‌లో క్రైస్తవ మతగురువైన వ్యక్తి కొడుకు జార్జ్ ఎడాల్జీ, పశువులను కోసి గాయపరిచాడన్న నేరంపై 1903లో ఏడేళ్ల శిక్ష పడి, గడువుకు ముందే విడుదలైనవాడు, 1907లో డాయిల్‌ను కలిసింది ఇక్కడి ఒక హోటల్లోనే. పత్రికను కళ్లకు ఆనించి, పక్కకు తిప్పి చదువుతున్న ఎడాల్జీని డాయిల్ దూరం నుంచే గమనించాడు. ఇంత చూపు తక్కువవాడు చీకట్లో పొలాలు దాటి పశువుల మీద పడగలడా? ఆ పట్టుదలతో పత్రికల్లో పోరాడాడు, అదే ఏడాది క్షమాభిక్ష వచ్చింది. చూపు బెల్‌ది కావచ్చు, నిర్దోషి కోసం రగిలిన గుండె డాయిల్‌దే. అందుకే హోమ్స్ డాయిలేనన్న బెల్ మాటకే నా ఓటు.

పక్కనే నార్తంబర్లాండ్ స్ట్రీట్‌లో హోమ్స్ పేరిట పబ్బు ఉంది. 1951లో ఫెస్టివల్ ఆఫ్ బ్రిటన్ ఉత్సవాల సందర్భంగా ప్రదర్శన కోసం కట్టిన హోమ్స్ గదిని పై అంతస్తులో అద్దం వెనక చూడవచ్చు. సాయంత్రాలు కిటకిటలాడుతుంది, మధ్యాహ్నం వెళ్లండి.