వరంగల్‌లో నేరాలు పెరిగాయా? లెక్క, రేటు, తూకం: ఏది మేలు?

ఏడాది చివర్లో పోలీసుల వార్షిక నివేదిక వస్తుంది. మర్నాడు పేపర్లో ‘నేరాలు ఇంత శాతం పెరిగాయి’ అనో ‘తగ్గాయి’ అనో హెడ్డింగ్. మా బామ్మర్ది ఆ కటింగ్ వాట్సాప్‌లో పెట్టి, “చూసిన్రా బావా, ఊరెటు పోతాందో!” అంటాడు. కాజీపేట వైపు ప్లాటు చూస్తున్నాడు, అదీ అతని టెన్షన్. ఆ శాతం దేన్ని కొలుస్తుందో మాత్రం ఎప్పుడూ అడగడు.

పోలీసు లెక్క అంటే ఎఫ్ఐఆర్‌ల లెక్క. సైకిల్ పోయినా ఒకటే, మనిషి పోయినా ఒకటే. ఈ పద్ధతి ఎంత తప్పుదారి పట్టిస్తుందో 2020 చూపించింది. లాక్‌డౌన్‌లో జనం ఇంట్లో కూర్చున్న ఏడాది అది. అయినా ఎన్‌సీఆర్‌బీ (జాతీయ నేర రికార్డుల సంస్థ) పుస్తకం ప్రకారం దేశంలో కేసులు 51.56 లక్షల నుంచి 66.01 లక్షలకు, అంటే 28 శాతం పెరిగాయి. పెద్ద కారణం అప్పటి ఐపీసీ సెక్షన్ 188, అధికారుల ఉత్తర్వులు ఉల్లంఘించడం. 2019లో ముప్పై వేల లోపున్న ఆ కేసులు ఒక్కసారిగా ఆరు లక్షలు దాటాయి. హత్యలు మాత్రం 28,918 నుంచి 29,193కు మాత్రమే వెళ్లాయి. కర్ఫ్యూ వేళ బైకు మీద తిరిగి కేసైనవాడూ హంతకుడూ ఆ మొత్తంలో చెరో అంకె.

ఇంకో చిక్కుంది. పోలీసులు సరిగ్గా పనిచేస్తే కూడా ఈ లెక్క పెరుగుతుంది. కేసు కట్టదగ్గ నేరం జరిగిందని ఫిర్యాదు వస్తే ఎఫ్ఐఆర్ కట్టాల్సిందేనని 2013లో లలితా కుమారి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మహిళల భద్రతకు పోలీసుల షీ టీమ్స్ వచ్చాక అంతకుముందు నోరు విప్పని అమ్మాయిలూ ఫిర్యాదు చేస్తున్నారు. కేసులు పెరిగితే పోలీసులు విఫలమైనట్టు కాదని ఎన్‌సీఆర్‌బీయే తన నివేదికలో రాస్తుంది. ఆ పేజీ ఎవరూ చదవరనుకోండి.

లక్ష జనాభాకు ఎన్ని అనే రేటు కొంత నయం. పెద్ద ఊరినీ చిన్న ఊరినీ పక్కపక్కన పెట్టొచ్చు. కానీ మన దగ్గర మేడారం ఉంది! ములుగు జిల్లా జనాభా 2011 లెక్కల్లో మూడు లక్షల లోపే. రెండేళ్లకోసారి సమ్మక్క-సారలమ్మ జాతరకు కోటి దాకా జనం వస్తారు. జేబులు కొట్టిన కేసులు అక్కడి స్టేషన్లో పడతాయి, భాగించేది మాత్రం ఆ మూడు లక్షలతో.

మూడోది తూకం. నాకు ఆసక్తి దీని మీదే. కెనడా గణాంక శాఖ 2009లో నేర తీవ్రత సూచీ అని ఒకటి తెచ్చింది, 2006ను 100గా పెట్టుకుని. ప్రతి నేరానికీ ఒక బరువు ఉంటుంది, ఆ బరువును కోర్టులు నిజంగా వేసిన శిక్షల నుంచి తీస్తారు. ఉదాహరణకు ఒక నేరంలో దోషులుగా తేలిన వందమందిలో ఇరవై మంది జైలుకు పోయి, సగటున 50 రోజుల శిక్ష పడితే బరువు 10. తొంభై మందికి జైలు, సగటున 2,000 రోజులైతే 1,800. కేసుల సంఖ్యను బరువుతో హెచ్చవేసి, అన్నీ కూడి, జనాభాతో భాగిస్తారు. చిన్నాచితకా కేసులు వెయ్యి పెరిగినా సూచీ పెద్దగా కదలదు.

మరి మనమూ పెట్టుకోవచ్చు కదా? బరువు ఎక్కడి నుంచి తేవాలన్నదే సమస్య. చట్టంలో రాసిన గరిష్ఠ శిక్షనే బరువు అనుకుందాం. 2024 జూలై 1న ఐపీసీ పోయి భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చింది. నిర్లక్ష్యంగా బండి నడిపి ప్రాణం తీస్తే పాత 304ఏ కింద రెండేళ్లు, కొత్త 106 కింద ఐదేళ్లు. హైదరాబాద్ రోడ్డు మీద ఒక్క ప్రమాదం ఎక్కువ జరగకపోయినా రాత్రికి రాత్రి బరువు రెండున్నర రెట్లయింది.

ఇంతకన్నా వింత చైన్ స్నాచింగ్‌ది. కొత్త చట్టంలో సెక్షన్ 303 దొంగతనానికి మూడేళ్ల దాకా, 304 స్నాచింగ్‌కూ మూడేళ్ల దాకానే. అంటే తాళం వేసిన సైకిల్ పోవడం, తెల్లవారి ముగ్గు వేస్తున్న ఆడమనిషి మెడలో పుస్తెలతాడు తెంపుకుపోవడం ఒకే బరువు! హన్మకొండలో ఏ ఇంట్లో అడిగినా ఒప్పుకోరు. గొలుసు కోసం కావాలని గాయపరిస్తే అది 309 కింద దోపిడీ, జీవిత ఖైదు దాకా. ఒకే గొలుసుకు మూడేళ్లా, జీవిత ఖైదా అన్నది ఎఫ్ఐఆర్‌లో ఏ సెక్షన్ రాశారన్నదాన్ని బట్టి ఉంటుంది.

అందుకే కెనడా వాళ్లలా నిజంగా పడిన శిక్షల నుంచి బరువు తీయడమే మేలంటాను. మన కేసులు ఏళ్ల తరబడి నడుస్తాయి కాబట్టి ఆ లెక్క ఎప్పుడూ వెనకబడే ఉంటుంది, అయినా సరే.

ఇంత చెప్పాక కూడా, ఒక్క కమిషనరేట్‌కు ఏడాది సూచీ కట్టడం నాకు నచ్చదు. 2020 మేలో గీసుగొండ మండలం గొర్రెకుంటలో ఒకే బావిలో తొమ్మిది మృతదేహాలు దొరికాయి. ఆ హత్యలు చేసింది ఒక్కడే. తూకం వేస్తే ఆ ఏడాది సూచీ ఆకాశానికి పోతుంది, మరుసటి ఏడాది ‘భారీ తగ్గుదల’ అని హెడ్డింగ్ వస్తుంది. మిల్స్ కాలనీలో రాత్రి నడిచి ఇంటికి పోయేవాడికి మాత్రం రెండేళ్లలో ఏ తేడా ఉండదు. రాష్ట్రం మొత్తానికైతే తూకమే వాడతాను. జిల్లాకైతే కనీసం మూడేళ్ల సగటు తీయాలి. ఒక కాలనీకి మూడూ పనికిరావు.

బామ్మర్దికి అదే చెప్పాను. “మొత్తం శాతం వదిలెయ్. ఆ స్టేషన్ కింద మూడేళ్లలో ఇళ్ల దొంగతనాలెన్ని, స్నాచింగ్‌లెన్ని, అవి రెండే కనుక్కో.”

“మరి హత్యలు వద్దా బావా?”

“హత్యల్లో ఎక్కువ తగాదాలు, పాత పగలతో అయ్యేవేరా. వాటికి ప్లాటు మారిస్తే లాభం లేదు, చుట్టాలను మార్చాలి.”

అక్కతో చెప్తానన్నాడు.