కొలోన్‌లో తువ్వాళ్ళ రసీదు, కోబ్లెంజ్‌లో కూడలి

జర్మనీలో కొలోన్ వెళ్ళేవాళ్ళకి ముందే చెప్తున్నా, స్టేషన్ పక్కనే కదా అని చూడకుండా గది తీసుకోకండి. మేం 94 యూరోలు ముందే కట్టాం. తీరా వెళ్ళాక దుప్పట్లకీ తువ్వాళ్ళకీ ఇంకో 18 అన్నారు. లిఫ్ట్ లేదు, గది నాలుగో అంతస్తు. మోకాళ్ళ నొప్పులతో నాన్న మెట్టుమెట్టుకీ ఆగుతుంటే కౌంటర్ దగ్గరి మనిషి ఫోన్లోంచి తలెత్తలేదు. పట్టుబట్టి రసీదు రాయించుకున్నాను. ఆ రాత్రి నాన్న అన్నం ముట్టలేదు.

పొద్దున చర్చి ముందు కూర్చున్నాక మాట కలిపాను. రోమన్ల కాలంలో ఈ ఊరి పేరు కొలోనియా క్లాడియా ఆరా అగ్రిప్పినెన్సియుమ్. క్లాడియస్ చక్రవర్తి భార్య అగ్రిప్పినా పుట్టిన ఊరు, క్రీ.శ. 50లో కొలోనియా హోదా వచ్చింది. అంత పేరూ రాలిపోయి, వలస ఊరు అని చెప్పే మొదటి మాటే మిగిలింది. "మన పాలెం లాగా!" అన్నారు నాన్న. ముప్ఫై ఏళ్ళు తెలుగు మాష్టారు ఆయన. ఇక ఆగలేదు.

ఆహెన్ సాఫీగా గడిచింది. అక్కడి వేడినీటి ఊటల వల్లే లాటిన్‌లో దాని పేరు అక్విస్‌గ్రానా. 'అక్వే' అంటే నీళ్ళు, 'అక్విస్' అంటే నీళ్ళ దగ్గర. ఫ్రెంచివాళ్ళు ఆ ఊరిని పిలిచే పేరులోని 'ఎక్స్' ఈ అక్విస్ అరిగిపోగా మిగిలిందే. "బెజవాడలో, బెజవాడలో అని అనీ అనీ 'లో'తో సహా పేరైపోయినట్టన్నమాట," అన్నారు.

కోబ్లెంజ్‌లో మాత్రం రెండు రాత్రులు ఉండండి. గది 71 యూరోలు, టిఫిన్ అందులోనే. నాన్న నడక చూసి ఇంటి పెద్దావిడ అడక్కుండానే కింది గది ఇచ్చింది, ఫ్లాస్కులో వేణ్ణీళ్ళు పెట్టింది. మోజెల్ వచ్చి రైన్‌లో కలిసే మొన దగ్గర గంటసేపు నిలబడ్డాం. రెండు నీళ్ళ రంగులు కాసేపు విడివిడిగానే సాగాయి. కోబ్లెంజ్ అసలు పేరు కాన్‌ఫ్లూయెంటెస్, 'కలిసి పారేవి'. బహువచనం, ఎందుకంటే నదులు రెండు.

"కూడలి," అన్నారు నాన్న మెల్లగా.

ట్రియర్ రైల్లో 'ఆగస్టా ట్రెవెరోరుమ్' చెప్పాను. ట్రెవెరులనే తెగవాళ్ళ ఆగస్టస్ పట్నం. కొలోన్ రసీదు వెనక్కి తిప్పి, 'ట్రెవెరోరుమ్' అని రాసి, 'ఓరుమ్' కింద గీత గీసి, పక్కన "షష్ఠీ బహువచనం" అని పెట్టారు.

ఆ రసీదు ఇప్పుడు పారేద్దామంటే ఇవ్వట్లేదు.